మాగన్నుకు సొంత వాక్యం

రావులపాలెం అరటి యార్డులో
రాత్రి పదిన్నర.
కర్పూరం లారీ దించేశారు,
చక్కెరకేళి ఇంకా రాలేదు.
నేను గెలల చిట్టా రాస్తున్నాను.
వాళ్ళమ్మకి కొత్తపేట ఆసుపత్రిలో నైట్ డ్యూటీ కాబట్టి
బల్లకి అటువైపు మా హేమనళిని.
తెలుగు నోటుబుక్కు నా వైపు తిప్పింది.
"నాన్నా, మాగన్ను.
అర్థం రాసి సొంత వాక్యం రాయాలి."

"నిద్రే కదా, రాసెయ్."
"నిద్రకి నిద్ర అనే మాటుంది కదా,
మళ్ళీ ఇదెందుకు?"

అదీ నిజమే.
కునుకంటే బస్సులోది.
జొన్నాడ వంతెన ఎక్కుతుంటే పట్టి
పక్కవాడి భుజం విదిలిస్తే పోతుంది.
తూగంటే ఆదివారం మధ్యాహ్నానిది,
పనసపొట్టు కూర తిన్నవాళ్ళది.
మగత జ్వరానిది,
మాత్రలిచ్చేవాడు ముందే చెప్పి ఇస్తాడు.
జోగడం మా షావుకారు గల్లాపెట్టె ముందు చేసేది,
చిల్లర గలగలమంటే చాలు, ఆగిపోతుంది.
మరి మాగన్ను?
మాట నోట్లోనే ఉంది.
ఏ తోటలో కోసిన గెలో తెలియదు.

పొగగది గుమ్మంలో దొమ్మేటి బుల్లబ్బాయి
గోనెపట్టా మీద గోడకి ఆనుకుని ఉన్నాడు.
తలుపు సందులన్నీ బంకమట్టితో మెత్తి,
లోపల కుండలో పిడకలు రాజేసి
నూటనలభై గెలలు మాగేశాడు.
కళ్ళు మూసే ఉన్నాయి.
"రండి పాపగారూ" అన్నాడు,
మేమింకా పది అడుగుల దూరంలో ఉండగానే.

"ఇదేనండీ మాగన్నంటే" అన్నాడు, సంగతి విని.
"కాయ మాగినట్టే కన్నూ మాగుద్దండి.
పచ్చిగా ఉంటే జాగారం,
పండిపోతే నిద్ర.
దోరగా ఉండాల, ఆయ్!
పొగ ఎక్కువైతే గెల కమిలిపోద్ది,
తక్కువైతే కసరు పోదు.
ముక్కు మేలుకుని ఉండాల,
మిగతా మనిషి పడుకోవచ్చు."

మాట పుట్టుక అదేనో కాదో నాకు తెలియదు.
పండితులు ఇంకోటి చెబుతారేమో.
హేమ మాత్రం రాసుకుంటోంది.

"ఎక్కడ నేర్చుకున్నావు?" అన్నాను, ఊరికే.
అతను కళ్ళు తెరిచాడు.

"ఎనభయ్యారు వరదలోనండి.
లంకలో మా ఇల్లు.
అరుగు మీదికొచ్చేసింది ఏరు.
మూడు రాత్రులు పడవ రాలేదు.
మా అమ్మ మంచమ్మీద చంటిదాన్ని పొట్టకి కట్టుకుని
కుడిచెయ్యి కిందకి వేలాడేసి పడుకునేదండి.
వేలు తడిస్తే లేవడం,
మమ్మల్ని లేపడం,
మంచం కోళ్ళ కింద ఇంకో ఇటుక.
మళ్ళీ చెయ్యి వేలాడెయ్యడం.
నిద్రపోయిందా అంటే పోయింది, గురక కూడా పెట్టింది.
వేలు మాత్రం పడుకోలేదు."

పొగగదిలో ఏదో చిటపటమంది.
చెవి అటు తిప్పి, పరవాలేదన్నట్టు తలాడించాడు.

"తర్వాత మంచి ఇల్లే కట్టామండి, గట్టు ఇవతల.
మేడ మీద పడుకోబెట్టేవోళ్ళం.
పోయేదాకా ఆ చెయ్యి
మంచం కిందకే ఉండేది.
మనవలు నవ్వేవారు."

హేమ నోటుబుక్కు మూసింది.
లారీ వచ్చింది. నేను లేచాను.

సోమవారం నోటుబుక్కు చూశాను.
బుల్లబ్బాయి మాటలేవీ లేవు అందులో.
'మాగన్ను: సగం నిద్ర.
సొంత వాక్యం: మా నాన్న
మాగన్నుగా లెక్కలు రాస్తాడు.'
పక్కన టీచరుగారి ఎర్రసిరా,
'ప్రయోగం సరికాదు.'

చిట్టా తీశాను, ఎందుకో.
శుక్రవారం పేజీలో
నలభయ్యారో గెల రెండుసార్లు ఉంది.
దాని కింద పదిహేడు కిలోల ఏడు
తోక సాగి సాగి
గీతలు దాటి
పేజీ అంచు దాకా పోయింది.